ఎర్ర దీపం వెలుగుతున్నంతసేపూ

నిన్న మధ్యాహ్నం రెండు గంటలకు గువ్వ ఆ గదిలోకి వెళ్లింది. సాయంత్రం చీకటి పడుతుండగా తలుపు తెరిచి చూస్తే గదిలో లేదు. మధ్యలో ఏం జరిగిందో చెప్పగలిగినవాళ్లు ఆ ఆఫీసులో ఒక్కరూ లేరు. ఎందుకంటే అంతసేపూ తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

డిటెక్టివ్ ఆ దీపం కింద నిలబడి తలెత్తి చూసింది. ఇప్పుడది ఆరిపోయి, కోడిగుడ్డంత గాజుబుడ్డిలా అమాయకంగా ఉంది.

గువ్వ అనేది ముద్దుపేరు. పదకొండేళ్ల వయసులో పాటల పోటీ గెలిచినప్పుడు టీవీవాళ్లు పెట్టింది. అసలు పేరు ఇంట్లోవాళ్లు కూడా వాడడం మానేశారు. పదిహేనో ఏట పాట తగ్గి మాట పెరిగింది. అదే టీవీలో పిల్లల కార్యక్రమానికి యాంకర్ అయింది. ఆ మరుసటి ఏడు ఆమె బొమ్మ వేసిన గొంతు బిళ్లలు అంగళ్లలోకి వచ్చాయి. ఈ ఆఫీసు ఆ గువ్వ బిళ్లల కంపెనీదే. ప్రకటనల కోసం ఒక మూల గదిని రికార్డింగ్ గదిగా మార్చారు. ఇప్పుడామెకు పదిహేడేళ్లు. ఇవాళ రాత్రి ఎనిమిదింటికి రోజూ వచ్చే కొత్త కార్యక్రమం లైవ్‌లో మొదలవ్వాలి. నడిపించాల్సిన పిల్ల లేదు.

కంపెనీ నడిపేది మేనమామ. డిటెక్టివ్‌ను పిలిపించిందీ ఆయనే. పొద్దున ఫోనులో ఆయన మేనకోడలు ఏం తిందో, ఎక్కడ పడుకుందో అని ఒక్క ముక్క అనలేదు.

"ఎనిమిదింటికల్లా పిల్ల ఆ కుర్చీలో ఉండాలండి. ఆ తర్వాత మీరేం కనిపెట్టినా నాకక్కర్లేదు."

వరండా చివర ఇన్‌స్పెక్టర్ గోడకానుకుని టీ తాగుతున్నాడు. ఒకప్పుడు ఆమె కింద పనిచేసినవాడు. ఆమె పోలీసు ఉద్యోగం వదిలేశాక ఆమె కుర్చీలోనే కూర్చున్నాడు. ఆమె దగ్గర నేర్చుకున్నదంతా మరిచిపోయి, ఆమె కోపంగా ఉన్నప్పుడు ఎడమ కనుబొమ్మ ఎత్తుతుందన్న సంగతి మాత్రం గుర్తుపెట్టుకున్నాడు.

"అక్కగారూ, ఇంత దూరం శ్రమపడ్డారు. పదిహేడేళ్ల పిల్ల మాయమైతే వెతకాల్సింది పిల్లను కాదు, పిల్లవాణ్ణి."

"స్నేహితురాలితో మాట్లాడే తీరికే లేని పిల్లకి పిల్లవాడెక్కడ దొరికాడు తమ్ముడూ?"

"వయసుకి తీరికతో పనేంటి?"

ఆమె సౌండాయన కోసం కబురు పెట్టింది. రికార్డింగ్ పనులన్నీ చూసేది అతనే. నలభై దాటిన మనిషి. మెడలో హెడ్‌ఫోన్లు వేలాడుతుంటాయి. ఎదుటివాళ్లు ముందుకు వంగితే తప్ప వినబడనంత మెల్లగా మాట్లాడతాడు.

ఎర్ర దీపం సంగతి అతనే విడమరిచి చెప్పాడు. దాని స్విచ్చి గది లోపల ఉంటుంది. లోపలివాళ్లు వేస్తేనే వెలుగుతుంది, వాళ్లు తీస్తేనే ఆరుతుంది. వెలిగిందంటే ఇక ఎవరూ తలుపు తట్టరు, తోయరు. వరండాలో నడవరు కూడా, చెప్పుల చప్పుడు మైకులో పడుతుందని. అందరూ సర్దుకుని క్యాంటీన్ వైపు వెళ్లిపోతారు. టీవీ స్టూడియోల్లో పుట్టిన అలవాటు. ఈ ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు ముందు నేర్పేది ఇదే.

"అంతసేపు ఆరకపోతే ఎవరికీ అనుమానం రాలేదా?"

"దీపం ఆరకపోతే పని బాగా సాగుతోందనుకుంటాం మేడమ్. ఇంట్లో చావుకబురొచ్చినా దీపం ఆరాకే చెప్తారు మాకు."

"మీ ఇంట్లో ఎవరెవరుంటారు?"

అతను నవ్వాడు. "చావుకబురు పంపడానిక్కూడా ఎవరూ లేరండి. అక్కా చెల్లీ, అన్నా తమ్ముడూ, ఆలీ బిడ్డా, ఏదీ లేదు. ఒంటికాయ శొంఠికొమ్ముని."

డిటెక్టివ్ కూడా నవ్వింది. ఆ మాట ఆమెకు కొత్త కాదు. చుట్టాలు ఆమె వెనకాల అనేది కూడా అదే.

నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నావని అడిగితే తడుముకోకుండా చెప్పాడు. గువ్వ లోపలికి వెళ్లగానే దీపం వెలిగింది. ఒక చిన్న ప్రకటన వాక్యమే కాబట్టి తానే రికార్డింగ్ బటన్ నొక్కుకుంటుంది, అతని అవసరం లేదు. అందరితోపాటు క్యాంటీన్లో కూర్చుని భోంచేశాడు. మూడున్నర దాకా అక్కడే ఉన్నాడని పదిమంది సాక్ష్యం. ఆ తర్వాత కూడా దీపం ఆరకపోయేసరికి, ఊరికే కూర్చోవడమెందుకని మైకు వైరు కొనుక్కురావడానికి బయటికి వెళ్లి సాయంత్రానికి వచ్చాడు.

"ఆ పిల్ల ఎలాంటిది?" అని డిటెక్టివ్ చివరగా అడిగింది. ఈ ప్రశ్నకు పొద్దుటి నుంచి అందరూ 'చురుకైంది', 'కష్టపడుతుంది' అనే చెప్పారు. అతను మాత్రం వేరే మాట చెప్పాడు.

"పాటలో గువ్వ ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో వాళ్లమ్మ కన్నా నాకే బాగా తెలుసు మేడమ్. ఆ ఊపిరి చప్పుళ్లన్నీ కత్తిరించి తీసేసేది నేనే కదా. కానీ పారెయ్యబుద్ధి కాదు. అన్నీ దాచిపెట్టాను."

ఆ పిల్లను ఇంత శ్రద్ధగా విన్న మనిషి ఒకడైనా ఉన్నాడు, పోనీలే అనుకుంది డిటెక్టివ్.

తర్వాత గది చూసింది. గోడలకూ తలుపుకూ మెత్తని నల్లటి స్పాంజి. ఒక కుర్చీ, ఒక మైకు, మూతపెట్టిన మంచినీళ్ల గ్లాసు. కిటికీ లేదు. తలుపు మూసి నిలబడితే తన గుండె చప్పుడు తనకే వినబడింది. తలుపు పక్కన రెండు స్విచ్చులు: ఒకటి దీపానిది, ఒకటి ఏసీది. బల్ల మీద గువ్వ బిళ్లల డబ్బా ఉంది. సీలు కూడా తీయలేదు. మూత మీద బొమ్మలో నవ్వుతున్న గువ్వ ముఖం మీద దుమ్ము పేరుకుంది.

కుర్చీలో కూర్చుని చూస్తేగాని ఇంకో సంగతి తెలియలేదు. కుడిచేతికి అందే ఎత్తులో స్పాంజి అంతా గోళ్లతో గిల్లి గిల్లి గుంటలు పడి ఉంది. వేలు పెడితే కొన్ని గుంటలు గోడ దాకా ఉన్నాయి. ఒక్కరోజులో అయ్యే పని కాదు. ఈ పిల్ల ఇక్కడికి రికార్డింగ్ కోసం మాత్రమే వచ్చేది కాదు. ఎవరూ తలుపు తట్టని చోటు ఆమెకు ఇంటా బయటా ఇదొక్కటే కాబట్టి వచ్చేది.

నిన్న సాయంత్రం తలుపు తెరిచింది మేనమామ. గది ఎలా ఉందని అడిగితే విసుక్కున్నాడు. ఎలా ఉంటుంది, కొలిమిలా ఉంది, నిలబడితే చొక్కా తడిసిపోయింది అన్నాడు. అంటే ఏసీ ఆగి చాలాసేపయింది.

"రికార్డింగప్పుడు ఏసీ ఆపేస్తారట అక్కగారూ, చప్పుడు పడకుండా. నేను నిన్ననే కనుక్కున్నా" అని ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోంచి చెప్పాడు. "ఆ రికార్డింగూ విన్నా. ఖాళీ. కాసేపు విని, మధ్యమధ్యలో జరుపుతూ చూశా. ఏమీ లేదు."

"జరుపుతూ వింటే ఏముంటుంది?"

ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటి నుంచీ వినడం మొదలుపెట్టింది. ఇన్‌స్పెక్టర్ కాసేపు చూసి, ఆవలించి, బయటికి వెళ్లిపోయాడు.

మొదట బటన్ చప్పుడు. వెనకాల సన్నగా ఏసీ రొద. తర్వాత గువ్వ గొంతు, "గువ్వలా పాడాలంటే..." దాకా వచ్చి ఆగిపోయింది. ఆగిపోలేదు, చిరిగిపోయింది. తుప్పుపట్టిన గొళ్లెం లాగినట్టు ఒక జీర. గువ్వ మళ్లీ ప్రయత్నించలేదు. బటన్ ఆపనూ లేదు. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం.

డిటెక్టివ్‌కు ఒకటి వింతగా తోచింది. ఏసీ రొద వస్తూనే ఉంది. అంటే గువ్వ ఏసీ ఆపకుండానే మాట్లాడింది. చిన్నప్పటి నుంచి మైకుల ముందు పెరిగిన పిల్ల ఆ పని మరిచిపోదు. మరిచిపోయిందంటే, రికార్డింగ్ బాగా రావాలన్న ఆశ ఆమెకు ముందే పోయిందన్నమాట.

ఆ నిశ్శబ్దంలో అప్పుడప్పుడూ స్పాంజి గిల్లుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఇంకొకరైతే విసిగిపోయేవారు. డిటెక్టివ్‌కు అలాంటి నిశ్శబ్దం అలవాటే. ఆమె ఇంట్లో ఆమెతోపాటు చప్పుడు చేసేది ఫ్రిజ్ ఒక్కటే. నడిరాత్రి అది ఆగితే నిద్రలోంచి కూడా లేచి కూర్చుంటుంది, ఎవరో ఇంట్లోంచి వెళ్లిపోయినట్టు. అందుకే అది జరిగినప్పుడు కుర్చీలో నిటారుగా అయింది.

టక్. ఏసీ రొద ఆగింది. వెంటనే గువ్వ ఊపిరి ఒక్కటి వినబడింది. భయపడితే వచ్చేది కాదు. ఎదురుచూసిన మనిషి వస్తే గుండెలోంచి దిగే ఊపిరి. బటన్ చప్పుడు. రికార్డింగ్ అయిపోయింది. మొదలైన అరగంటకి.

ఆమె బయటికి వచ్చి చెబితే ఇన్‌స్పెక్టర్ పకపకా నవ్వాడు.

"ఏసీ ఆగిందని ఎవర్ని అరెస్టు చెయ్యమంటారు?"

"ఊపిరి మైకు పక్కనే వినబడిందంటే గువ్వ కుర్చీలోనే ఉంది. స్విచ్చి తలుపు దగ్గరుంది. ఎవరో వచ్చి, నోరు తెరవబోయే ముందు ఏసీ ఆపారు. గది దాటుతూ లైటు తీసేసినట్టు, చెయ్యి దానంతటదే వెళ్లింది. దీపం వెలుగుతోంది కాబట్టి వరండాలో ఒక్కరూ లేరు. ఇద్దరూ దర్జాగా వెనక మెట్ల మీంచి దిగి పోవచ్చు. దీపం అలాగే వదిలేస్తే సాయంత్రం దాకా ఎవరూ చూడరు."

"అలా చెయ్యి వెళ్లేది సౌండాయనొక్కడికే. అతను అప్పుడు క్యాంటీన్లో ఉన్నాడు. పదిమంది చూశారు." ఇన్‌స్పెక్టర్ టీ గ్లాసు కిటికీలో పెట్టాడు. "అక్కగారూ, గౌరవం కొద్దీ చెప్తున్నా. ఇది పోలీసు కేసు. ఒంటరిగా ఉండేవాళ్లకి గాలి చప్పుడు కూడా మాటలా వినబడుతుందట."

వరండాలో ఇద్దరు గుమాస్తాలు తల దించుకున్నారు. ఆమె ఎడమ కనుబొమ్మ ఎత్తలేదు.

"వినబడుతుంది. అందుకే నీకన్నా ఎక్కువ విన్నాను. పద, పిల్ల తల్లిని చూద్దాం."

తల్లీ కూతుళ్ల ఇల్లు అదే భవనంలో పైఅంతస్తు. వెనక మెట్లు నేరుగా అక్కడికే వెళ్తాయి. భర్త పోయాక అన్నగారి నీడలో బతుకుతున్న మనిషి. గువ్వ ఎక్కడ పాడినా పక్కన కూర్చునే తల్లిగా ఒకప్పుడు టీవీలో కనబడేది. కంపెనీ వచ్చాక ఆ కుర్చీలో అన్నగారు కూర్చున్నారు. నిన్న తలనొప్పితో పడుకున్నాననీ, కిందికి దిగనే లేదనీ పోలీసులకు చెప్పింది.

గదిలో ఫ్యాను గిర్రున తిరుగుతోంది. అయినా ఎండ నేరుగా పడే గది కావడంతో వేడిగానే ఉంది. తల్లి వాళ్లను కూర్చోమని తాను మంచం అంచున కూర్చుంది. కళ్లు వాచి ఉన్నాయి. ఫోను ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని ఉంది.

డిటెక్టివ్ తన ఫోను బల్ల మీద పెట్టింది.

"మీరు చెప్పేది రికార్డు చేస్తానమ్మా. అభ్యంతరం లేదు కదా?"

తల్లి లేదన్నట్టు తలూపింది. లేచింది. గోడ దగ్గరికి వెళ్లి ఫ్యాను ఆపింది. వచ్చి మళ్లీ మంచం అంచున కూర్చుని, ఊపిరి బిగబట్టినట్టు కదలకుండా ఫోను వంక చూసింది.

ఫ్యాను రెక్కలు నెమ్మదిగా ఆగాయి. ఇన్‌స్పెక్టర్ అప్పుడే తన ఫోనులోంచి తలెత్తాడు. జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"కరెంటు పోయినట్టుంది. ఇక్కడెప్పుడూ ఇంతేనా?"

డిటెక్టివ్ రెండు మూడు మామూలు ప్రశ్నలు వేసింది. తల్లి ఆచితూచి చెప్పింది. అవే మాటలు, నిన్న చెప్పినవే. ఇన్‌స్పెక్టర్ కాసేపు చెమటలు కక్కుకుంటూ కూర్చుని, ఇక ఉండలేక లేచాడు.

"మీరు కానివ్వండి అక్కగారూ. పిల్లవాడి సంగతి నేను చూస్తా."

"చూడు తమ్ముడూ. దొరికితే చెప్పు."

అతని బూట్ల చప్పుడు మెట్ల మీద పూర్తిగా ఆగిపోయేదాకా ఆమె కదలలేదు. తర్వాత ఫోనులో రికార్డింగ్ ఆపి, అది తల్లికి కనబడేలా పెట్టింది. లేచి వెళ్లి ఫ్యాను వేసింది.

తల్లి తిరుగుతున్న ఫ్యాను వంక చూసింది. స్విచ్చి వంక చూసింది. తన చేతి వంక చూసుకుంది. తనను తానే పట్టిచ్చుకున్నానని ఆవిడకు అప్పుడర్థమైంది.

"చిన్నప్పుడు ఒక్క గది ఇల్లు మాది" అంది. "పోటీలకి పంపడానికి దాని పాట ఫోనులో రికార్డు చేసేదాన్ని. ఫ్యాను చప్పుడొస్తే పాట పాడైపోతుందని ఆపేదాన్ని. దానికి చెమటలు, నాకు చెమటలు. పాట అయ్యేదాకా ఊపిరి తీసుకునేదాన్ని కాదు. అయ్యాక ఫ్యాను వేస్తే ఇద్దరం నవ్వుకుంటూ దాని కింద పడుకునేవాళ్లం."

"నిన్న ఆ గదిలోకి వెళ్లింది మీరే."

"మాట్లాడాలంటే ముందు చప్పుడు ఆపాలి. అంతే నాకు తెలిసింది."

మిగతాదంతా ఒక్కసారిగా చెప్పేసింది, కట్ట తెగినట్టు. గువ్వ గొంతులో బుడిపెలు లేచాయి. డాక్టరు నెలరోజులు పెదవి విప్పకూడదన్నాడు. రోజూ లైవ్‌లో అరిస్తే, పాట కాదుగదా, మాట కూడా మిగలదన్నాడు. అన్నగారితో చెబితే తలుపులు మూసి తిట్టాడు. గొంతు బిళ్లలు అమ్మే పిల్లకే గొంతు పోయిందంటే నలుగురూ నవ్వరా, ఆ డాక్టరు మాట ఇంకోసారి ఎత్తితే ఊరుకోనన్నాడు. ఆయనకు ఎదురు చెప్పడం ఈవిడకు ఏనాడూ చేతకాలేదు. అందుకే కార్యక్రమం మొదలయ్యే రోజు దాటేదాకా పిల్లను దాచేయాలనుకుంది. గువ్వ కూడా ఒప్పుకుంది. తల్లి కోసమే ఆ గదిలో ఎదురుచూసింది.

"మీరు చేసింది తప్పని నేననను. మీ అన్నయ్యకి నేనేమీ చెప్పను కూడా" అంది డిటెక్టివ్. ఈ కేసు ఇక్కడితో తేలిపోయిందనుకుంది. చాలా కాలం తర్వాత మనసు తేలికపడింది. "పిల్ల క్షేమమని ఒక్కసారి నా కళ్లతో చూసి వెళ్లిపోతా. ఎక్కడుంది?"

తల్లి ఒళ్లోని ఫోను గట్టిగా పట్టుకుంది.

"క్షేమంగానే ఉంటుంది. మాట్లాడకూడదు కాబట్టి ఫోను చెయ్యదు. చేరగానే మెసేజ్ పెడుతుందన్నాడు. రాలేదు. నిద్రపోయిందేమో అనుకున్నా. పొద్దున్నా రాలేదు. ఎవరినడగను? అడిగితే దాచింది నేనేనని తెలిసిపోతుందిగా."

"పెడుతుందన్నది ఎవరు?"

"మన సౌండాయన. దాని గొంతు పాడైందని మొదట కనిపెట్టింది అతనే. పాపం, నాకన్నా ఎక్కువ బాధపడ్డాడు. వెనక వీధిలో అతని కారుంటే తీసుకెళ్లి కూర్చోబెట్టి వచ్చా. దీపం ఆర్పకుండా వదిలేయమని చెప్పింది కూడా అతనే. భోజనం చేసి వచ్చి తీసుకెళ్తానన్నాడు."

"ఎక్కడికి?"

"వాళ్ల చెల్లెలి ఇంటికి. ప్రశాంతంగా ఉంటుందిట, చుట్టుపక్కల ఎవరూ ఉండరట."

డిటెక్టివ్‌కు పైన ఫ్యాను తిరుగుతున్నట్టు తెలుస్తోంది గాని చప్పుడు వినబడలేదు. చెవుల్లో ఒక మెల్లని గొంతు మాత్రమే వినబడుతోంది, ఎదుటివాళ్లు ముందుకు వంగితే తప్ప వినబడని గొంతు. అక్కా చెల్లీ, అన్నా తమ్ముడూ, ఏదీ లేదు. ఆ మాటకు తాను నవ్వింది. తనలాంటివాడే అనుకుంది. ఊపిరి చప్పుళ్లు దాచిపెట్టానంటే జాలిపడింది.

కింద ఆఫీసుకు ఫోను చేసింది. సౌండాయనను ఒకసారి పిలవమంది. అటునుంచి టెలిఫోన్ అమ్మాయి మర్యాదగా చెప్పింది.

"మీరు పైకి వెళ్లగానే బయటికెళ్లారండి. మైకు వైరు కొనుక్కొస్తానన్నారు."

ఫోను పెట్టేసి తల్లి వైపు తిరిగింది. అబద్ధం చెప్పే వీలు కూడా లేదు. ఆవిడ అప్పటికే లేచి నిలబడి ముఖంలోకి చూస్తోంది.

"ఏమైంది? ఆ చెల్లెలు మంచి మనిషే కదా?"

"అతనికి చెల్లెలు లేదమ్మా."

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ నంబరు నొక్కుతూ గుమ్మం దాటింది. మెట్ల మలుపులో ఒక్కసారి వెనక్కి చూసింది. తల్లి గోడ దగ్గరికి వెళ్లి మళ్లీ ఫ్యాను ఆపింది. రెక్కలు ఆగేదాకా చూసి, గది మధ్యలో ఊపిరి బిగబట్టి నిలబడింది. నోరు తెరిచి పిలవకూడని తన పిల్ల ఎక్కడున్నా, ఏ చిన్న చప్పుడు చేసినా, వినబడాలని.